దైవమూ పురుషకారమూ: జపాను, పాశ్చాత్య పాత్రధారణ క్రీడలు – ఒక తులనాత్మక పరిశీలన

కథ వినడం మానవునికి ఎంత ప్రాచీనమైన అలవాటో, ఆ కథలో తానూ ఒక పాత్రగా ప్రవేశించాలన్న కోరిక కూడ అంతే ప్రాచీనమైనది. హరికథ వింటూ కంటతడి పెట్టిన శ్రోతలోనూ, దాస్తాన్‌గో నోట అమీర్ హమ్జా సాహసాలు విని రొమ్ము విరుచుకున్న బాలునిలోనూ, తోలుబొమ్మలాట చూసిన మరునాడు కర్రను గదగా చేసుకొని వీధిలో పరుగెత్తిన పిల్లవానిలోనూ ఉన్నది ఆ కోరికే. యంత్రం సహాయంతో ఆ కోరికను తీర్చడానికి ఇరువదవ శతాబ్దపు చివరి పాతికేళ్ళలో ఒక కొత్త కథారూపం అవతరించింది. దానిని ఆంగ్లంలో ‘రోల్ ప్లేయింగ్ గేమ్’ అంటారు. ఈ వ్యాసంలో మేము దానిని ‘పాత్రధారణ క్రీడ’ అని వ్యవహరిస్తున్నాము.

మన విద్యార్థులలో పలువురు ఈ క్రీడలను ఎరిగినవారే. పెద్దలు వీటిని కాలహరణంగా భావించడమూ కద్దు. ఆ వివాదంలోకి దిగడం మా ఉద్దేశం కాదు. ఈ క్రీడలను గురించి లోకంలో స్థిరపడిన ఒక అభిప్రాయాన్ని పరీక్షించడం మాత్రమే మా సంకల్పం. పాశ్చాత్యుల క్రీడలో నాయకుణ్ణి ఆటగాడే నిర్మించుకొని, కథను తనకు తోచిన దారిన నడుపుకుంటాడట; జపానువారి క్రీడలో నాయకుడూ కథా ముందే నిర్ణయమై ఉంటాయట; ఆటగాడు వాటి వెంట నడుస్తాడట. మన పెద్దల మాటలలో చెప్పాలంటే మొదటిది పురుషకార ప్రధానం, రెండవది దైవ ప్రధానం. ఉర్దూలో చెప్పాలంటే ఒకటి తద్బీర్, మరొకటి తక్దీర్. ఈ విభజనలో నిజమెంత? ఆ తేడా ఉన్నమాట నిజమే అయితే అది ఎక్కడినుండి వచ్చింది? ఆయా జాతుల స్వభావంలోనుండి పుట్టిందా, వేరే కారణాలు ఉన్నాయా?

ముందుగా ఈ వృక్షానికి మూలం ఒక్కటేనని గుర్తించాలి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను ప్రకటించారు. దానికి యంత్రం అక్కరలేదు. నలుగురైదుగురు మిత్రులు బల్లచుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడిపే పెద్ద. తక్కినవారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర – యోధుడు, మాంత్రికుడు, దొంగ ఇత్యాదులు. ప్రతి పాత్రకూ బలము, బుద్ధి, చురుకుదనము వంటి గుణాలు అంకెలలో ఉంటాయి. సాహసకార్యం ఫలించినదీ లేనిదీ పాచికలు తేలుస్తాయి. అనుభవం పెరిగినకొద్దీ పాత్ర శక్తి కూడ పెరుగుతుంది. ఈ ఆటలో ఆటగాడు ఊహించని ప్రశ్న వేస్తే, కథ నడిపే పెద్ద అప్పటికప్పుడే సమాధానం కల్పించగలడు. ఆనాటి యంత్రానికి ఆ శక్తి లేదు. ఈ లోటును ఎవరు ఏ విధంగా పూరించుకున్నారన్నదే ఆ తరువాతి చరిత్ర అంతా.

అమెరికన్ విశ్వవిద్యాలయాలలోని విద్యార్థులు వెంటనే ఈ ఆటను కంప్యూటర్లకు ఎక్కించే ప్రయత్నం చేశారు. 1981లో రెండు ప్రసిద్ధ క్రీడలు వెలువడ్డాయి. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ రచించిన ‘విజార్డ్రీ’ ఒకటి. టెక్సాస్ యువకుడు రిచర్డ్ గారియట్ రచించిన ‘అల్టిమా’ మరొకటి. ‘విజార్డ్రీ’లో ఆటగాడు ఆరుగురు సభ్యుల దండును తానే తయారుచేసుకొని, పది అంతస్తుల చీకటి గుహలోకి దిగాలి. దారి తప్పకుండా ఉండడానికి గళ్ళ కాగితం మీద పటం గీసుకోవాలి.

గారియట్ 1985లో వెలువరించిన ‘అల్టిమా 4’ మన దృష్టిని ప్రత్యేకంగా ఆకర్షిస్తుంది. ఇందులో చివర సంహరించవలసిన దుష్టరాజు ఎవడూ లేడు. సత్యసంధత, కరుణ, శౌర్యం, న్యాయం, త్యాగం, గౌరవం, ఆధ్యాత్మికత, వినయం అనే ఎనిమిది గుణాలను సాధించి ‘అవతార’ అనిపించుకోవడమే లక్ష్యం. ఈ పేరు మన సంస్కృత పదమే. మూలికలు అమ్మే ఒక అంధురాలు ఎన్ని నాణేలు ఇస్తున్నదీ ఆటగాణ్ణే చెప్పమంటుంది. తక్కువ ఇచ్చి మోసగిస్తే ఆమెకు తెలియదు, అప్పటికి ఏ శిక్షా పడదు. కాని అతని సత్యసంధత లోలోపల తగ్గిపోతుంది. ఆ సంగతి చాలాసేపటి తరువాతగాని బయటపడదు. పాశ్చాత్య క్రీడ ప్రధానంగా ఆటగాణ్ణి అడిగే ప్రశ్న ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది: ‘నీవు ఎవరవు కాదలచుకున్నావు?’

ఇక జపాను సంగతి. 1984లో అక్కడ వెలువడిన ‘బ్లాక్ ఆనిక్స్’ అనే క్రీడను రచించినవాడు హెంక్ రోజర్స్. అతడు హాలెండులో జన్మించి, జపానులో స్థిరపడినవాడు. జపాను పాత్రధారణ క్రీడకు తొలి పాఠకులను సంపాదించిపెట్టినవారిలో పరదేశి ఒకడు ఉన్నాడన్నది గమనార్హం. అయితే ఆ ప్రక్రియకు జపాను ముద్ర వేసినవాడు యూజీ హొరీ. ఇతడు ‘షోనెన్ జంప్’ అనే బొమ్మల కథల వారపత్రికలో కంప్యూటర్ ఆటలను గురించి వ్రాసేవాడు. ‘విజార్డ్రీ’, ‘అల్టిమా’లను ఆసక్తితో ఆడి, వాటిలోని ఆనందాన్ని సామాన్య బాలబాలికలకు అందించాలని తలచాడు. ఫలితంగా 1986 మే 27వ తేదీన ‘డ్రాగన్ క్వెస్ట్’ వెలువడింది. బొమ్మలు అకీరా తోరియామా గీశాడు. సంగీతం కోయిచి సుగియామా కూర్చాడు.

ఇక్కడ యంత్రాల భేదాన్ని మనం జాగ్రత్తగా గమనించాలి. అమెరికన్ క్రీడలు ఆపిల్ 2 వంటి కంప్యూటర్ల కోసం పుట్టాయి. 1977లో దాని వెల 1298 డాలర్లు. దానికి నిండైన కీబోర్డు ఉన్నది. కొనేవారు చదువుకున్నవారు, ఓపిక కలవారు. ‘డ్రాగన్ క్వెస్ట్’ మాత్రం నింటెండో వారి ‘ఫామికామ్’ కోసం తయారైంది. 1983లో దాని వెల 14,800 యెన్‌లు, అనగా ఆనాటి లెక్కన సుమారు 60 డాలర్లు. అది ఇంటి టెలివిజన్‌కు తగిలించే చిన్న పెట్టె. చేతిలో పట్టుకునే పరికరం మీద నాలుగు దిక్కుల మీట, కొద్దిపాటి బొత్తాలు తప్ప మరేమీ లేవు. దాని ముందు కూర్చునేవాడు పదేళ్ళ బాలుడు.

ఆ బాలుని కోసం హొరీ చేసిన ఏర్పాట్లు ఏ ఉపాధ్యాయుడైనా మెచ్చుకోదగినవి. ఆరుగురి దండు లేదు, ఒక్క వీరుడే. శత్రువు కూడ ఒక్కసారికి ఒక్కడే. ఆట రాజుగారి కొలువుకూటంలో మొదలవుతుంది. తలుపు మూసి ఉంటుంది. రాజుతో మాట్లాడాలి, పెట్టెలు తెరవాలి, తాళంచెవి తీసుకోవాలి, తలుపు తీయాలి, మెట్లు దిగాలి. ఇవన్నీ చేసి బయటపడేసరికి ఆటకు కావలసిన పనులన్నీ బాలునికి తెలియకుండానే అలవడిపోతాయి.

ఆ క్రీడ మొత్తం 64 కిలోబైట్లలో ఇమిడింది. అక్షరాల బొమ్మలకు కూడ చోటు చాలక, జపాను లిపులలో ఒకటైన కతకానాలో సుమారు 20 అక్షరాలను మాత్రమే ఉంచుకొని, రాక్షసుల పేర్లనూ మంత్రాల పేర్లనూ ఆ అక్షరాలలోనే కూర్చారు. అవధానంలో నిషిద్ధాక్షరిని ఎరిగిన మనకు ఆ కష్టమూ, ఆ కష్టంలోని రుచీ సులభంగా బోధపడతాయి. ఆటను మధ్యలో ఆపి మరునాడు కొనసాగించాలంటే 20 అక్షరాల ‘పునరుజ్జీవన మంత్రం’ కాగితం మీద వ్రాసుకోవాలి. అది జపాను పద్యాల లయను అనుసరించి ఐదు, ఏడు, ఐదు, మూడు అక్షరాలుగా విరుగుతుంది. ఒక్క అక్షరం తప్పు వ్రాసుకుంటే అంతవరకూ చేసిన శ్రమ వృథా అయినట్లే.

కనుక హొరీ చేసినది అనుకరణ కాదు. సంస్కృత భారతాన్ని నన్నయ తిక్కనాదులు తెలుగువారి కోసం తిరిగి నిర్మించినట్లు, అతడు పాశ్చాత్య క్రీడను తన పాఠకుల కోసం తిరిగి నిర్మించాడు. కథ సూటిగా సాగడానికి జపానువారి ‘విధివిశ్వాసం’ కారణమని చెప్పడం తేలిక; చిన్న యంత్రం, చిన్న వయసు పాఠకుడు, బొమ్మల కథలు వ్రాసేవారితో కలిసి పనిచేసిన రచయిత – ఈ మూడూ కలిసి చూపిన దారి అది అని చెప్పడం సత్యానికి మరింత చేరువ.

ఆ దారి సాధించిన సొంపును కూడ మనం విస్మరించరాదు. ‘డ్రాగన్ క్వెస్ట్’లో వీరుడు రాకుమారిని రక్షించిన తరువాత ఆమె అతణ్ణి ఒక కోరిక అడుగుతుంది. ‘కాదు’ అంటే నొచ్చుకొని మళ్ళీ అదే ప్రశ్న వేస్తుంది. ‘అవును’ అనేవరకూ విడిచిపెట్టదు. ఇది చూసి ఆటగాడు నవ్వుకుంటాడు. కాని 1992లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్ 5’లో అదే దైవం గంభీరరూపం ధరిస్తుంది. బాల్యంలో తండ్రిని కోల్పోయి, బానిసగా ఏళ్ళు గడిపి, పెండ్లి చేసుకొని, సంతానం పొందిన నాయకుణ్ణి మనం నడిపిస్తాము. కథలో చెప్పిన మహావీరుడు అతడేనని నమ్ముతూ వస్తాము. చివరకు ఆ దివ్యఖడ్గం అతని చేతికి లొంగదు. అతని కుమారుని చేతికి లొంగుతుంది. ఎంత నైపుణ్యంతో ఆడినా ఆ సంగతి మారదు. 1997లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 7’లో ఏరిత్ అనే యువతి మరణం కూడ అటువంటిదే. ఆమెను ఆటగాడు ఎంత శ్రద్ధగా తీర్చిదిద్దినా ఆ మృత్యువును ఆపలేడు. గెలవడానికే కూర్చున్నవానికి గెలుపుతో నిమిత్తంలేని దుఃఖాన్ని రుచి చూపించడం ఈ పద్ధతి సాధించిన విజయం. జపాను క్రీడ ఆటగాణ్ణి అడిగే ప్రశ్న వేరు: ‘ఈ మనిషి బ్రతుకును నీవు కొంతదూరం మోయగలవా?’

అదే 1997లో అమెరికాలో వెలువడిన ‘ఫాలౌట్’ పురుషకారానికి చక్కని ఉదాహరణ. అణుయుద్ధం తరువాతి ఎడారిలో, భూగర్భంలో తలదాచుకున్న తనవారి నీటియంత్రానికి కావలసిన భాగాన్ని వెదుకుతూ నాయకుడు బయలుదేరుతాడు. అతని బుద్ధిబలం అంకె తక్కువగా పెట్టుకుంటే అతడు మాట్లాడే మాటలే ముక్కలుముక్కలుగా మారిపోతాయి. ఎదుటివారు అతనితో మెలిగే తీరూ మారుతుంది. కథాంతంలో ఎదురయ్యే ప్రతినాయకుణ్ణి ఆయుధంతో గెలవవచ్చు. లేదా, అతడు సృష్టిస్తున్న కొత్త జాతికి సంతానం కలగదని సాక్ష్యం చూపి, వాదంతోనే ఓడించవచ్చు. వాక్కుతో యుద్ధాన్ని నివారించే మార్గం ఉన్న ఆటను కేవలం హింసావినోదమని తోసివేయడం న్యాయం కాదు.

ఇంతవరకూ వచ్చిన తరువాత ఆ ప్రసిద్ధ విభజనను మరొకమారు తరచి చూద్దాము. పాశ్చాత్య క్రీడలో ఆటగాని ముందు మూడు సమాధానాలు ఉంచి, ఒకటి ఎన్నుకొమ్మంటారు. ఆ మూడింటినీ ముందుగా వ్రాసిపెట్టినవాడు రచయితే. నాలుగవ సమాధానం మన మనసులో ఉంటే దానికి చోటు లేదు. కనుక ఆ పురుషకారం కూడ ఒక దైవం గీసిన గీతలోపలిదే. ఇక జపాను క్రీడలో కథ మారకపోయినా, ఏ విద్య నేర్వాలి, ఏ ఆయుధం ధరించాలి, ఏ శత్రువుతో ఏ వరుసలో పోరాడాలి అన్న నిర్ణయాలు ఆటగానివే. గమ్యం విధించినది, నడక స్వంతం.

ఉదాహరణలను చూసినా గీత చెరిగిపోతూనే ఉంటుంది. 1988లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్ 3’లో సహచరులను ఆటగాడే ఎన్నుకొని తయారుచేసుకుంటాడు. 1995 నాటి జపాను క్రీడ ‘క్రోనో ట్రిగర్’కు అనేక ముగింపులు ఉన్నాయి. అటు చూస్తే, 1999లో అమెరికాలో వచ్చిన ‘ప్లేన్‌స్కేప్: టార్మెంట్’ నాయకుడు జ్ఞాపకశక్తి కోల్పోయిన అమరుడు, తాను పూర్వజన్మలవంటి బ్రతుకులలో చేసిన పనుల ఫలం నుండి తప్పించుకోలేడు. 2015లో పోలండువారు వెలువరించిన ‘విచర్ 3’ నాయకుడు గెరాల్ట్‌ను ఆటగాడు నిర్మించడు. అతడు ఆంద్రెయ్ సప్కోవ్‌స్కీ కథలలో ముందే పుట్టినవాడు.

పైపెచ్చు, ఇచ్చిపుచ్చుకోవడం ఏనాడూ ఆగలేదు. ఈ క్రీడలలోని కొన్ని పేర్ల ప్రయాణాన్ని పరిశీలిస్తే ఈ విషయం విశదమవుతుంది. ‘ఫైనల్ ఫాంటసీ’ క్రీడలలో అగ్నిశక్తిగా పిలిపించుకునే ‘ఇఫ్రీత్’ మన విద్యార్థులకు అపరిచితుడు కాడు. పవిత్ర ఖుర్ఆన్‌లోని నమ్ల్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) సన్నిధిలో సింహాసనం తెచ్చి పెట్టగలనన్న జిన్ను ఇఫ్రీతే. అరబ్బుల ప్రాచీన విశ్వవర్ణనలలో భూభారాన్ని మోసే మహామత్స్యం పేరు ‘బహామూత్’. అమెరికన్ బల్ల ఆటలో ఆ పేరు ఒక మహాసర్పరాజుకు సంక్రమించింది. హిరొనొబు సకగుచి 1987లో రచించిన మొదటి ‘ఫైనల్ ఫాంటసీ’లోనూ బహామూత్ సర్పరాజుగానే కనిపిస్తాడు. అదే క్రీడామాలికలో ‘శివ’ అన్న పేరుతో ఒక హిమదేవత కూడ ఉన్నది. అరబ్బీ మత్స్యం అమెరికాలో సర్పమై జపాను చేరింది. భారతీయ దేవుని పేరు జపానులో స్త్రీరూపం ధరించింది. ఇటువంటి కథాలోకంలో ‘ఇది కేవలం మాది’ అని గిరి గీయడం ఎవరి తరం?

ఇటీవలి చరిత్ర ఈ మాటనే బలపరుస్తున్నది. హిదెతాకా మియాజాకి పేదయింట పుట్టి, గ్రంథాలయంలోని పుస్తకాలతో పెరిగినవాడు. తన వయసుకు మించిన పాశ్చాత్య అద్భుతకథలను చదువుతూ, అర్థంకాని భాగాలను తన ఊహతో పూరించుకునేవాడినని ఆయన స్వయంగా చెప్పాడు. ఆయన నిర్దేశకత్వంలో వచ్చిన ‘డీమన్స్ సోల్స్’ (2009), ‘డార్క్ సోల్స్’ (2011) క్రీడలలో కథ సగమే చెప్పబడి, తక్కిన సగం ఆటగాని ఊహకు విడిచిపెట్టబడింది. 2022 నాటి ‘ఎల్డెన్ రింగ్’కు పూర్వగాథను అమెరికన్ రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ సమకూర్చాడు. 2025లో ఫ్రాన్సులోని మాంపెల్యే నగరంలో తయారైన ‘క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33’ జపాను పద్ధతిలోని వంతులవారీ యుద్ధాన్ని ఆదర్శంగా స్వీకరించింది. జపాను శిల్పి పాశ్చాత్యుల వద్దా, ఫ్రెంచి శిల్పి జపాను వద్దా శిష్యరికం చేస్తున్న కాలమిది.

అయినప్పటికీ పేర్లు మాత్రం మిగిలిపోయాయి. జపానువారి క్రీడలను వేరుచేసి చూపడానికి ‘జె.ఆర్.పి.జి.’ అనే మాట ఆంగ్లలోకంలో వాడుకకు వచ్చింది. 2023లో ‘ఫైనల్ ఫాంటసీ 16’ నిర్మాత నవొకి యోషిదా ఒక సంభాషణలో ఈ విషయమై మనసు విప్పాడు. మొదట ఆ మాట విన్నప్పుడు తమలో కొందరికి అది వివక్షగా, ఎగతాళిగా తోచిందన్నాడు. తాము పాత్రధారణ క్రీడలు నిర్మిస్తున్నామనే అనుకున్నారు తప్ప, ‘జపాను’ పాత్రధారణ క్రీడలు నిర్మిస్తున్నామని అనుకోలేదట. అభిమానంతో ఆ మాట వాడేవారూ ఎందరో ఉన్నారు. ఆ సంగతీ నిజమే. కాని ఒక పనివాని పనిని చూడకముందే అతని పుట్టుకను చూసి గది కేటాయించడం ఎంత బాధాకరమో ఆయన మాటలవల్ల తెలుస్తున్నది. మా పేరు విని, ‘మీరు తెలుగు పాఠం చెబుతారా!’ అని ఆశ్చర్యపోయినవారిని మేమూ ఎరుగుదుము. వారికి దురుద్దేశం ఉండదు. గది మాత్రం ముందే సిద్ధమై ఉంటుంది. ఉర్దూ విభాగం విద్యార్థి తెలుగు పద్యం చదివినప్పుడూ, తెలుగు విభాగం విద్యార్థి గజల్ వ్రాసినప్పుడూ ఈ కళాశాలలో ఎవరూ ఆశ్చర్యపడకూడదని మా ఆకాంక్ష.

కాబట్టి జపాను, పాశ్చాత్య క్రీడలకు భేదం లేదని మేము అనడం లేదు. భేదం ఉన్నది, అది ఆనందించదగినది కూడ. ఒకటి ఎన్నికలోని బాధ్యతను నేర్పితే, మరొకటి మార్చలేనిదానిని ఓర్చుకునే సంస్కారాన్ని నేర్పుతుంది. అయితే ఆ భేదం రక్తంలోనుండి రాలేదు. యంత్రం వెల, బొత్తాల సంఖ్య, అక్షరాలకు దొరికిన చోటు, ఎదుట కూర్చున్న పాఠకుని వయసు – వీటిలోనుండి వచ్చింది. పరిస్థితులు మారినప్పుడు అదీ మారింది.

విద్యార్థులకు మా మనవి ఒక్కటే. నవలను చదివి విమర్శించే మీరు, ఈ క్రీడలను కూడ ఆ దృష్టితోనే చూడండి. ఆట ముగిసిన తరువాత ఒక నోటుపుస్తకం తెరచి, ‘ఇందులో నేను నిర్ణయించినది ఏది? నా కొరకు మరొకరు నిర్ణయించినది ఏది?’ అని రెండు వరుసలలో వ్రాసుకోండి. తెలుగులో వ్రాసినా, ఉర్దూలో వ్రాసినా సరే. అటువంటి వ్యాసాలు వచ్చే సంవత్సరపు సంచికకు అందితే, వాటిని చదవడానికి మేము సంతోషంగా ఎదురుచూస్తాము. ఇక కళాశాల పాలకవర్గంలోని పెద్దలకు సవినయంగా విన్నవించేది ఏమనగా – పిల్లవాడు ఎంతసేపు ఆడాడన్న ప్రశ్న అవసరమే. దానితోపాటు, ఆ ఆట వానిని ఏమి అడిగింది, వాడు ఏమి సమాధానం చెప్పాడు అన్న ప్రశ్న కూడ వేసి చూడండి.